పెద్దబజారుకు వీపు తిప్పిన రాయి

సాగిపట్నం పాత ఊరిలో గడియారస్తంభం దాటగానే, పెద్దబజారు మీద హంసవాహిని కాంప్లెక్స్ అనే మూడంతస్తుల భవనం కనబడుతుంది. కింద చెప్పుల దుకాణం, దాని మీద కోచింగ్ సెంటరు, ఆ పైన ఇంకా అద్దెకు పోని గదులు. భవనం పక్కనుంచి వెనక్కి వెళితే బళ్ళు నిలుపుకునే ఆవరణ వస్తుంది. ఆ ఆవరణ చివర ఛాతీ ఎత్తు నల్లరాయి ఒకటి పీఠం మీద నిలబడి ఉంటుంది. దాని మీద ఒక్క అక్షరం కూడా ఉండదు. దూరం నుంచి వచ్చిన యాత్రికులు చాలామంది అక్కడిదాకా వెళ్ళి, ఫోటో తీసుకుని, ఇందులో చూడటానికి ఏముందని విసుక్కుంటూ తిరిగి వెళ్ళిపోతారు. వారు చూసింది రాయి వీపు.

దర్శనం కోరేవారు పెద్దబజారు నుంచి రాకూడదు. గానుగ వీధిలోకి మళ్ళి, పిండిమర పక్కనుంచి చాపల సందులోకి రావాలి. సందులో పందొమ్మిది ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళన్నీ దాటితే రాయి ముఖం మీకు ఎదురుగా వస్తుంది. పాత హంసవాహిని నాటకశాల ఇక్కడ ఉండేదని తెలిపే తొమ్మిది వరుసల శాసనం దాని మీద ఉంటుంది. పెద్దబజారు వర్తకులు దీనిని పెడమొహం రాయి అంటారు. మేము నాటకాల రాయి అంటాం. మొహం మావైపే ఉంది కాబట్టి మాకు అది పెడమొహం ఎలా అవుతుంది?

ఈ రాయి గురించి ఊళ్ళో లేనిపోని కథలు ప్రచారంలో ఉన్నాయి. దానంతట అదే మూడుసార్లు తిరిగిందని కొందరు భక్తులు చెబుతారు. కాంప్లెక్స్ వారు రంగుల్లో అచ్చువేయించిన పుస్తకంలోనైతే, పునాది కుంగడం వల్ల రాయి కొంత పక్కకు జరిగిందని రాశారు. కుంగిన పునాది రాయిని సరిగ్గా వెనక్కి తిప్పి, మట్టసంగా నిలబెట్టి, పక్కన రెండు మందారపువ్వులు కూడా పెడుతుందా అని వారిని అడగాలి. అసలు సంగతి తెలిసినవాళ్ళం ఇంకా బతికే ఉన్నాం గనుక ఈ చిన్న పుస్తకం వేస్తున్నాం. రాస్తున్న నేను ఈ సందులో మూడో ఇంటివాడిని. హంసవాహిని నాటకాలకు ముప్పై ఏళ్ళు కరపత్రాలు అచ్చు వేసినవాడిని.

పూర్వం ఇక్కడ తుంగ పెరిగే బురద నేల ఉండేది. ఆ తుంగ కోసి చాపలు అల్లుకునే కుటుంబాలు గట్టున ఇళ్ళు వేసుకున్నాయి. అదే చాపల సందు. కొంతకాలానికి సోమసుందరం గారనే ధాన్యం వర్తకునికి కలలో హంసనెక్కిన సరస్వతీదేవి కనబడి, ఈ చోట తనకొక నాటకశాల కట్టించమని ఆజ్ఞాపించిందట. ఆ కలను మేము కాదనం. ఆయన ధర్మాత్ముడు, కట్టించాడు. అయితే బురదలో గోడ నిలవాలంటే ముందు ఏటి ఇసుక పోసి మెరక చెయ్యాలని అమ్మవారు కలలో చెప్పలేదు. ఆ సంగతి చాపల సందు వాళ్ళు చెప్పారు. చెప్పి ఊరుకోక, రెండు ఎండాకాలాలు తట్టలతో మోసి పోశారు.

నాటకశాల తలవాకిలి పెద్దబజారు వైపు ఉండేది. దాని మీద సున్నంతో చేసిన రెండు హంసలు, వాటి మధ్య వీణ. ఆ వాకిట్లోంచి వచ్చేవారికి వెనక ఎత్తు మీద కుర్చీలు వేసేవారు. రంగస్థలం మాత్రం అవతలి కొసన, మా సందు గోడకు ఆనుకుని ఉండేది. దాని ముందు ఇసుక నేల. నేల టికెట్టు వాళ్ళు మా సందులోని చిన్న తలుపు గుండా వచ్చి, ఇసుక మీద మా సందు చాపలు పరుచుకుని కూర్చునేవారు. కుర్చీల వారికంటే మేమే నటులకు దగ్గర. పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరిచేది నేల. బాగుండకపోతే కిక్కురుమనకుండా కూర్చునేదీ నేలే, నటులు దానికే ఎక్కువ భయపడేవారు. కుర్చీల వారు మహా అయితే గొంతు సవరించుకునేవారు.

చిన్న తలుపు దగ్గర నేల టికెట్లు చింపే పని తవిటమ్మది. ఈ సందులో చివరి ఇల్లు ఆమెది. అప్పటికి ఇరవై ఏళ్ళది. పొద్దున చాపలు అల్లేది, ఆట ఉన్న రోజున తలుపు తీసి నిలబడేది.

ఒక ఆదివారం పగటి ఆటకు జిల్లా పెద్ద అధికారి సకుటుంబంగా వస్తున్నాడని కబురు వచ్చింది. నేల వాళ్ళు అరుస్తారని, దొరవారికి చిరాకు కలుగుతుందని నాటకశాల మేనేజరుకు బెంగ పట్టుకుంది. ఈ పూటకు నేల లేదు, తలుపుకు తాళం వెయ్యమని తవిటమ్మతో చెప్పాడు. తవిటమ్మ వేసింది. కొలువు పోతుందని భయమో, పెద్దవాళ్ళ మాట కాదనే అలవాటు లేకపోవడమో, ఏదైతేనేం వేసింది. తలుపు అవతల నిలబడ్డవాళ్ళలో ఆమె తల్లి కూడా ఉంది. ఈ విషయం దాచిపెట్టమని తవిటమ్మ మమ్మల్ని ఏనాడూ కోరలేదు. పుస్తకంలో తప్పకుండా రాయమంది.

ఆనాటి నాటకంలో రాణి వేషం వరహాలమ్మ గారిది. ఆవిడ పాడితే సందులో ఉడుకుతున్న అన్నం మాడిపోయేది, ఎవరూ లేచి వెళ్ళి దించేవారు కాదు. ఆవిడ రంగం మీదికి వచ్చింది. హార్మోనియం శ్రుతి అందించింది. ఆవిడ పాడకుండా ముందున్న ఖాళీ ఇసుక వైపు చూసింది. గోడ అవతలి నుంచి గోల వినబడుతోంది. పక్కన తెరతాళ్ళు పట్టుకుని నిలబడ్డ దాలినాయుణ్ణి అడిగింది.

"దాలినాయుడూ, నేల ఏదయ్యా?"

"తలుపేసీనారమ్మా. అందరూ ఎనకాల సందులో ఉన్నారు."

"అయితే ఎనకతెర ఎత్తు. ఆ సీన్లు తెచ్చే తలుపులు కూడా తియ్యి."

దాలినాయుడు మేనేజరు వైపు చూడలేదు. చూస్తే తియ్యలేకపోయేవాణ్ణని తరువాత చెప్పాడు. వెనకతెర లేచింది. దాని వెనక ఉన్న పెద్ద తలుపులు తెరుచుకున్నాయి. సందంతా నిలబడి తలలెత్తి చూసింది. వరహాలమ్మ గారు కుర్చీలకు వీపు తిప్పి, సందుకు ఎదురుగా నిలబడి పద్యం అందుకుంది. పూర్తికాగానే సందు వన్స్ మోర్ అంది. మళ్ళీ పాడింది. మళ్ళీ వన్స్ మోర్. మూడుసార్లు పాడింది. పెద్ద అధికారి కుటుంబం మూడుసార్లూ ఆవిడ జడ చూస్తూ కూర్చుంది. కుర్చీల వారు ఎవరూ కిమ్మనలేదు, ఎందుకంటే అటు తిరిగి పాడినా ఆ గొంతు ఆ గొంతే.

తవిటమ్మ ఆ మూడుసార్లూ తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని చిన్న తలుపు దగ్గరే నిలబడింది. తియ్యాలనుకుంది. చెయ్యి రాలేదు. ఆట అయ్యాక తీసింది గాని అప్పటికి లోపలికి రావలసినవాళ్ళు లేరు. వెంటనే తాళంచెవిని మురుగుకాలువలోకి విసిరేసి, తెరిచిన తాళాన్ని కొంగున ముడివేసుకుని ఇంటికి పోయింది. ఆ తలుపుకు మళ్ళీ తాళం పడలేదు. కొత్తది కొనుక్కురమ్మంటే దుకాణంలో దొరకలేదని ఏడాదిపాటు అబద్ధం చెబుతూ వచ్చింది. మేనేజరే విసిగిపోయాడు.

తరువాత నాటకాలు తగ్గాయి. హంసవాహినిలో తెర కట్టి సినిమాలు వేశారు. అవీ ఆగిపోయాయి. సోమసుందరం గారి మనవలు అమ్ముకుని వెళ్ళారు. కొన్న కాంట్రాక్టరు ఎనిమిదేళ్ళ క్రితం నాటకశాలను పడగొట్టాడు. హంసలు ముందు పడ్డాయి. కుర్చీలున్న చోట కాంప్లెక్స్ లేచింది, నేల ఉన్న చోట బళ్ళు నిలిపే ఆవరణ వచ్చింది. పాత కట్టడాన్ని తీసినందుకు గుర్తుగా అక్కడొక శిలాఫలకం పెట్టి తీరాలని పురపాలక సంఘం షరతు విధించింది. పూర్వం రంగస్థలం ఉన్న చోటనే, మా సందుకు ఆనుకుని, నల్లరాయిని తెచ్చి నిలబెట్టారు. ముఖం పెద్దబజారు వైపు, వీపు మావైపు. మరునాడు ఆవిష్కరణోత్సవం. పీఠం మీద రాయి ఊరికే నిలబడి ఉంది, సభ అయ్యాక సిమెంటు పెడతామన్నారు.

రాయిని నిలబెట్టిన ఆ రోజు పొద్దుననే కాంట్రాక్టరు మనుషులు వచ్చి మా సందులో సున్నంతో గీత గీశారు. గీత పందొమ్మిది గడపల ముందునుంచి పోయింది. తవిటమ్మ వాకిట్లో ఆరబెట్టిన తుంగ మీదుగా కూడా పోయింది. అక్కడ ఆవరణ గోడ వస్తుందట. ఈ సందు వారి ప్లానులో ఖాళీ స్థలమట. ఆ వచ్చిన గుమస్తా మంచివాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"మీ ఇళ్ళ జోలికి రామమ్మా. దారి ఒక్కటే తీసేస్తాం."

"దారి తీసేత్తే ఇల్లెందుకు బాబూ? ఎగిరెల్లమంటావేటి?" అని తవిటమ్మ అడిగింది.

వెనకవైపు మురుగుకాలువ ఉంది కదా, దాని మీద పలకలు వేయించుకోండని సలహా ఇచ్చి అతను వెళ్ళిపోయాడు. మేము వార్డు ఆఫీసుకు వెళ్ళాం. ప్లాను మంజూరయిందన్నారు. అర్జీ ఇచ్చాం. సోమవారం చూస్తామన్నారు. గోడ శుక్రవారం లేస్తుంది.

ఆఫీసు నుంచి తిరిగి వచ్చాక తవిటమ్మ నన్ను ఆవరణలోకి తీసుకెళ్ళి, రాయికి కప్పిన ఎర్ర మఖమలు గుడ్డ పైకెత్తి, చదవమంది. ఆమెకు చదువు రాదు. నేను తొమ్మిది వరుసలూ చదివాను. స్థాపకుల పేరు ఉంది, కట్టిన సంవత్సరం ఉంది, కాంట్రాక్టరు పేరు ఉంది, ఆవిష్కరించే ముఖ్య అతిథి పేరు అందరికంటే పెద్ద అక్షరాలతో ఉంది.

"నేల పేరుందేటి?"

"లేదు."

"వరాలమ్మ పేరో?"

"అదీ లేదు."

ఆమె గుడ్డ దించింది. రాయి చుట్టూ తిరిగి మా సందువైపుకి వచ్చి, ఆ నున్నటి వీపు మీద చెయ్యి వేసింది. అప్పుడు అన్న మాట నేను మరచిపోలేను.

"గోడ కడితే కట్టనీ. కాళ్ళు ఇరగ్గొట్టినోడు మొహం కూడా తిప్పుకుంటే ఎలాగ? ఆ రోజు వరాలమ్మ మనేపు తిరిగి పాడింది. ఈ రాయి మనేపే సూడాల. నాను ఒకపాలి తలుపేసినాను. రెండోపాలి ఎవులైనా ఏత్తంటే సూత్తా కూకోను."

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. రాయిని తిప్పితే గోడ ఆగుతుందని మాకు ఆ రోజు తెలియదు. మాకేదో చట్టం తెలిసి పన్నాగం పన్నామని కాంట్రాక్టరు ఇప్పటికీ అంటాడు. నాకు అంత తెలివి ఉంటే ముప్పై ఏళ్ళు కరపత్రాలు అచ్చు వేస్తూ ఎందుకు కూర్చుంటాను? కోపం వచ్చింది, తిప్పాం. అంతే.

చీకటి పడ్డాక చేద్దామని కొందరన్నారు. తవిటమ్మ ఒప్పుకోలేదు. మనం దొంగలమా అంది. అందుకని పగటి ఆట వేళకే, రెండున్నరకు, వైశాఖమాసపు ఎండలో చేశాం. ఎలా చెయ్యాలో దాలినాయుడు చెప్పాడు. అప్పటికి అతనికి ఎనభై దాటాయి, చెయ్యి వణికేది గాని పని మరవలేదు. నాటకాల్లో కర్రతో చేసిన పెద్ద కొండ సీను ఒకటుండేది, పదిమంది ఎత్తినా లేచేది కాదు. దాని కింద పచ్చి అరటిబోదె ముక్కలు దూర్చి, ఆ జారుడు మీద ఇద్దరే తిప్పేవారు. ఆ కిటుకే ఇక్కడా పనికొచ్చింది. సందులోని అరటిచెట్టు ఒకటి నరికాం. దాలినాయుడు తన దగ్గర దాచుకున్న రైలుపట్టా ముక్కను, ఒకప్పుడు నాటకశాల గంటగా వాడినదాన్ని, మెట్టు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి గంట కొట్టగానే అందరం రాయి చుట్టూ చేరాం. రెండో గంటకు గడ్డపారతో ఓరగా లేపి, బోదె ముక్కలు దూర్చాం. మూడో గంటకు తిప్పాం. ఏడుగురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. బోదె నలిగి నీరు కారింది, రాయి వెన్న మీద జారినట్టు జారింది. కాంప్లెక్స్ కాపలాదారు గంటలు విన్నాడు గాని, కోచింగ్ సెంటరులో పరీక్ష అయిపోయిందనుకుని అటుపక్కకు తిరిగి పడుకున్నాడు. మఖమలు గుడ్డ సరిచేసి, చుట్టూ ఊడ్చి, ఇటుపక్క పీఠం మీద రెండు మందారపువ్వులు పెట్టి ఇళ్ళకు వెళ్ళాం.

మరునాడు పది గంటలకు ఉత్సవం. ఆవరణలో షామియానా, బళ్ళు తీసేసి నూట యాభై కుర్చీలు. మమ్మల్ని పిలవలేదు. మేము సందులోనే చాపలు పరుచుకుని, రాయికి ఇటుపక్క కూర్చున్నాం. ఉపన్యాసాలు చాలా సాగాయి. ముఖ్య అతిథి లేచి బంగారురంగు తాడు లాగాడు. గుడ్డ జారింది. కుర్చీల వారంతా చప్పట్లు కొట్టడానికి చేతులెత్తి, ఎత్తినవి ఎత్తినట్టే ఉంచారు. ఎదురుగా నున్నటి రాయి. ఒక్క అక్షరం లేదు.

ఇటుపక్క మాకు తొమ్మిది వరుసలూ ఎండలో మెరుస్తూ కనబడ్డాయి. మొదట దాలినాయుడే అరిచాడు.

"వన్స్ మోర్!"

సందంతా అందుకుంది. యాభై ఏళ్ళుగా గొంతులో ఉండిపోయిన అరుపు అది, అంత తొందరగా ఆగలేదు. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, దాచుకోవలసిన పని కూడా కనబడలేదు.

కాంట్రాక్టరు పరుగున వచ్చి, కూలీలను పిలిచి, ఇప్పుడే తిప్పెయ్యమన్నాడు. తవిటమ్మ చాప చంకన పెట్టుకుని వెళ్ళి, పీఠాన్ని ఆనుకుని పరిచి, దాని మీద కూర్చుంది. పురపాలక సంఘంలో స్మారకాల విభాగం చూసే ఇందుమతి గారు సభలోనే ఉన్నారు. సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడకుండా చివరి కుర్చీలో కూర్చున్న అమ్మాయి. ఆమె చుట్టూ తిరిగి మా సందులోకి వచ్చింది. చెప్పులు విడిచి తవిటమ్మ ముందు నిలబడింది.

"ఈ రాయిని ఎవరు తిప్పారమ్మా?"

"రాయి తిన్నగానే ఉంది తల్లీ. మీరే అటేపు కూకున్నారు."

ఇందుమతి గారు నవ్వలేదు. నేల టికెట్టు వాళ్ళు ఎంతమంది వచ్చేవారని అడిగింది. అయిదారు వందలు అన్నాం. కుర్చీలెన్ని అంది. అరవై అన్నాం. ఆ చిన్న తలుపు ఎక్కడుండేదో చూపించమంది. తవిటమ్మ చెయ్యి చాపి చూపించింది, ఆపైన తాళం వేసిన కథ కూడా తనే చెప్పింది. ఇందుమతి గారు ఆ ఎండలో నిలబడి మొత్తం విన్నది. తరువాత తన సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి కాంట్రాక్టరుకు వినబడేలా చదివింది. ఆవిష్కరించిన ఫలకాన్ని సంఘం తీర్మానం లేకుండా కదిలించరాదు. ఫలకం ముఖానికి ఎదురుగా పన్నెండు అడుగుల దారి ప్రజల కోసం ఎల్లప్పుడూ తెరిచి ఉంచాలి.

"కానీ మేడం, ఆవిష్కరణ తప్పుగా జరిగింది కదా!" అన్నాడు కాంట్రాక్టరు.

"తాడు లాగారు, గుడ్డ పడింది, జనం చూశారు. ఎటువైపు జనం అనేది నిబంధనలో లేదండీ" అని ఆమె రిజిస్టరు తెరిచి, ఫలకం ముఖం తూర్పు, ఎదుట దారి చాపల సందు, అని రాసి సంతకం పెట్టింది.

తీర్మానం కోసం కాంట్రాక్టరు రెండేళ్ళు తిరిగాడు. కావలసిన చేతులు లేవలేదు. సున్నపు గీత ఆ వర్షాకాలంలోనే కొట్టుకుపోయింది. ముఖ్య అతిథి పేరు రాయి మీద ఎనిమిదో వరుసలో ఇప్పటికీ పెద్ద అక్షరాలతోనే ఉంది. ఆయన దానిని చదువుకోవాలంటే మా సందులోకి రావాలి. ఒకసారి వచ్చారు కూడా. చాప వేసి కూర్చోబెట్టాం, మజ్జిగ ఇచ్చాం.

ఇప్పటికీ ఇక్కడ పాటించే ఆచారాలు కొన్ని ఉన్నాయి. రోజూ రెండున్నరకు రైలుపట్టా గంట మూడుసార్లు కొడతాం. దాలినాయుడు పోయాక ఆ పని అతని కోడలిది. మూడో గంట తరువాత వచ్చినవారెవరైనా, ఎంతటివారైనా, చాప మీదే కూర్చోవాలి. ఇక్కడ కుర్చీ వెయ్యడం నిషిద్ధం. మోకాళ్ళ నొప్పులున్నవారు తవిటమ్మ అరుగు మీద కూర్చోవచ్చు. వైశాఖమాసంలో ఒక రోజు పద్యాలు పాడతారు. పాడేవారు కాంప్లెక్స్‌కు వీపు తిప్పి పాడతారు. కొబ్బరికాయలు, హుండీ, ప్రత్యేక దర్శనం ఇక్కడ లేవు. తమ దారి కాగితాల్లో లేదని చెప్పించుకున్నవారు, ఆఫీసుల్లో సోమవారం రమ్మనిపించుకున్నవారు, తమ పేరు రాయడం ఇతరులు మరచిపోయినవారు ఇక్కడికి వచ్చి మూడుసార్లు వన్స్ మోర్ అని గట్టిగా అరిస్తే వారి పని నెరవేరుతుందని ప్రతీతి. నెరవేరకపోతే మళ్ళీ వచ్చి అరవాలి. సిగ్గుపడుతూ అరిచినవారికి ఫలితం ఉండదు.

తవిటమ్మకు ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు. రాయి ఎదుటనే చాపలు అల్లుకుంటూ కూర్చుని ఉంటుంది. మొదట కొంగున, తరువాత పెట్టెలో, మొత్తం యాభై ఏళ్ళు దాచుకున్న ఆ పాత తాళాన్ని ఆవిష్కరణ అయిన సాయంత్రమే పీఠానికి కొట్టిన మేకుకు వేలాడదీసింది. అది తెరిచే ఉంటుంది. ఎవరి మీదనో తలుపు వేసి, ఆ బాధ మోస్తున్నవారు దానిని ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు. యాత్రికులకు ఒక్కటే మనవి. ముట్టుకోండి, నొక్కకండి. దాని చెవి మురుగుకాలువలో పోయింది. పొరపాటున ఎవరైనా నొక్కబోతే తవిటమ్మ చాప వదిలేసి లేచి వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. ఆ పట్టు మీరు విడిపించుకోలేరు.